గొర్రెకు పోసిన బీరు

స్టౌట్ బీరును మరీ చల్లగా తాగకూడదు. నాలుక మొద్దుబారిపోయి చేదు ఒక్కటే మిగులుతుంది. మార్కాపురంలో నేనుండే గదిలో ఎలాగూ ఫ్రిజ్ లేదు. బెంగళూరు నుంచి తెచ్చిన రెండు సీసాలకూ తడిగుడ్డ చుట్టి కుండ పక్కన పెట్టాను. మర్నాటి మధ్యాహ్నానికి అవి తాగదగిన చల్లదనానికి వచ్చాయి. ఒకటి తెరిచాను. రెండోది నాది కాదు.

గాజు గ్లాసును వాల్చి పట్టుకుని మెల్లగా పోశాను. సగం నిండాక నిలబెట్టి మిగతాది నడిమధ్యలో పడేట్టు వంపాను. నురుగు పైకి లేచి ఆగింది. స్టౌట్ నురుగు తెల్లగా ఉండదు, బాగా మరిగిన పాల మీద కట్టే మీగడ రంగులో ఉంటుంది. గ్లాసు కిటికీ వైపు ఎత్తి చూస్తే లోపల అంతా నలుపే, అడుగున అంచు దగ్గర మాత్రం ఎర్రటి గీత ఒకటి కనపడింది. అది కనపడితే బీరు బాగా కుదిరినట్టు. వాసన చూశాను. వేయించిన ధాన్యం, కాఫీ గింజ, ఎక్కడో దూరంగా బెల్లం. ఒక గుక్క తీసుకుని మింగకుండా కాసేపు నోట్లో తిప్పాను.

బాగుంది. ఆ మాట పైకే అన్నాను. గదిలో వినేవాళ్ళు లేరు. రుచి చూడటంలో సగం పని పక్కవాడికి చెప్పడం. నాలుక మీద ఏం జరిగిందో ఇంకొకరికి చెప్పి, వాళ్ళు అవుననో కాదనో అంటే తప్ప అది తేలదు. బెంగళూరులో బీరు కాచే చోట పద్నాలుగేళ్ళు పనిచేసి నేర్చుకున్నది అదే. ఇప్పుడు మంచినీళ్ళ ప్లాంటులో క్యాన్లు నింపే పని చేస్తూ గదికి వచ్చి తలుపేసుకుంటాను. నా కాపురం నిలవలేదు. అందులో ఎక్కువ తప్పు నాదే, కానీ ఇక్కడ చెప్పబోయేది అది కాదు.

ఆ రెండో సీసా మా బావది. మర్నాడు ఆయన ఏడాది దినం. మావైపు ఆ రోజు సమాధి దగ్గర ఆకు వేసి, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ పెట్టి, పిట్ట ముట్టేదాకా నిలబడతారు. పిట్ట అంటే కాకి. మాంసం, చుట్ట, సారాయి, ఏది ఇష్టమైతే అది. పిట్ట ముట్టాక ఇంటికి వచ్చి అందరూ కూర్చుని తింటారు. ఆ బంతిలో కూర్చున్నవాడే ఆ ఇంటి మనిషి. నేను ఆ సీసా ఆకులో పెట్టి, బావకు చేసిన పని మా అక్కకు నా నోటితో చెప్పి, అప్పటికీ ఆమె తినమంటే తినాలనుకున్నాను. వద్దంటే లేచి వచ్చేయాలి. ఏడాదిగా అనుకుంటున్నది అదే.

బావ గొర్రెలు మేపేవాడు. పుల్లలచెరువు దాటి అడవి వైపు పోతే వాళ్ళ ఊరు. బడి గడప తొక్కలేదు కానీ ఆయనకున్న నాలుక నేను ఇంకెవరికీ చూడలేదు. మేకపాలు ఒక్క గుక్క తాగి, ఇది తుమ్మకాయ తిన్నది, ఇది వేపాకు కొరికింది అని చెప్పేవాడు. వేసవిలో ఏ బోరు నీళ్ళు ఎక్కడివో చెంబు చూడకుండా చెప్పేవాడు. నీళ్ళకు కరువున్న ఊళ్ళో మనిషి ముందు నేర్చుకునే రుచి నీళ్ళదే.

నేను బీరు కాచే చోట తొట్లు కడిగే పనికి చేరి, కొన్నేళ్ళకు కాచేవాడికి సాయంగా ఉండే స్థాయికి వచ్చాను. మొదటిసారి మా స్టౌట్ కుదిరినప్పుడు రెండు సీసాలు నింపుకుని అక్కావాళ్ళ ఊరికి వచ్చాను. గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చి బావ అరుగు మీద కూర్చున్నాడు. గ్లాసులో పోసి ఇచ్చాను.

"ఏంది బామ్మర్దీ, గానుగ నూనె తెచ్చినావా?" అన్నాడు.

"తాగి చెప్పు బావా."

తాగాడు. మెల్లగా నోట్లో తిప్పి మింగాడు. నేను కాఫీ అంటాడనో, చేదు అంటాడనో చూస్తున్నాను.

"నీళ్ళు మంచియ్యి," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "బీరు గురించి చెప్పమంటే నీళ్ళ గురించి చెప్తావేంది?"

"నీళ్ళే గదా అంతా. తర్వాత మాడు. సంగటి అడుగంటితే మీ అక్క గోకి పెడ్తది చూడు, ఆ మాడు. మాడంటే కాలింది గాదు, కాలబోయి ఆగింది." ఇంకో గుక్క తాగాడు. "మింగినాక చేదు పోతాంది. పోయినాక నోరు ఖాళీగా ఉంటది గదా, అప్పుడు కనపడతాంది తీపి. ముందు కనపడదు."

తర్వాత పెద్దగా తేన్పాడు. లోపలినుంచి అక్క, "ఆ సంగీతం గూడా నా తమ్ముడికి రాసియ్యి," అంది. ముగ్గురం నవ్వుకున్నాం. అక్క కూడా వచ్చి బావ గ్లాసులోంచే ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, కషాయంలా ఉందంటూ పోయింది. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు రుచి చూడటం తప్పు కాదు. ఇంకో సీసా బావకే వదిలి నేను బెంగళూరు వెళ్ళిపోయాను.

పది రోజులకు బావ ఫోన్ చేశాడు. మందకు ముందు నడిచే గొర్రెకు కడుపు ఉబ్బిందట. పచ్చి జొన్నచేలో పడి మేసింది. డాక్టరు దొరకలేదు, నూనె తాగించినా దిగలేదు. "అప్పుడు నీ సీసా గుర్తొచ్చింది. నాకు తేన్పు తెప్పిచ్చింది గదా, దీనికీ తెప్పిస్తది అనుకున్నా. గాలి పోతే బతుకుద్ది గదా. ముందు నేనొక గుక్క తాగి బాగుందో లేదో చూసి, మిగతాదంతా దానికే పోసినా."

"మరి?"

"కొంచెం లేచి నిలబడింది బామ్మర్దీ. తెల్లారేసరికి పోయింది."

ఆ గొర్రె వెనకే మంద అంతా నడిచేది. ఉబ్బిన కడుపులో ఉండేది ఒక్కోసారి వట్టి గాలి కాదు, నురుగు. దాని మీద ఇంకా నురుగు వచ్చేది పోస్తే ఏమవుతుందో బీరు కాచేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకు అది అప్పుడే తట్టింది. ఆయనకు చెప్పలేదు. జాలిపడి చెప్పలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజమేమిటంటే, ఫోన్ చెవి దగ్గర ఉండగానే నాకు నవ్వొస్తోంది.

మర్నాడు అన్నాల దగ్గర పనివాళ్ళకు ఆ కథ చెప్పాను. ఎలా చెప్పానో ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. మా బావ తలపాగా చుట్టుకుని, గొర్రె దవడ పైకెత్తి, స్టౌట్ సీసా నోట్లో గుచ్చాడని చెప్పాను. గొర్రె బ్రేవుమని తేన్చి, కళ్ళు రెండూ ముక్కు దగ్గర కలిపి, చిందులేసి, ఇంకో సీసా కావాలని బావ పంచె పట్టుకుని లాగిందని చెప్పాను. నా కథలో గొర్రె చనిపోలేదు. చనిపోతే ఎవరూ నవ్వరు.

కథ యజమాని చెవిన పడింది. నన్ను పిలిపించుకుని మళ్ళీ చెప్పించుకున్నాడు. బీరు రుచి ఎలా ఉంటుందో వర్ణించమంటే బావ అన్న మాడు, ఖాళీ నోట్లో తీపి, అన్నీ నా మాటలుగా చెప్పాను. నాకు గొప్ప నాలుక ఉందని ఆయన అందరి ముందూ అన్నాడు. నేను తల వంచుకుని ఒప్పుకున్నాను. నెలలో ఆ బీరుకు గొర్రె పేరు పెట్టారు. గోడ మీద మనిషంత ఎత్తున బొమ్మ వేయించారు. తలపాగా మనిషి, సీసా, మెల్లకన్ను గొర్రె. గ్లాసుల కింద వేసే గుండ్రటి అట్టల మీదా అదే బొమ్మ. నా జీతం పెరిగింది, నలుగురిలో పేరొచ్చింది. వచ్చినవాళ్ళకు కథ చెప్పమని నన్ను బల్లల దగ్గరికి పిలిచేవాళ్ళు. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ గొర్రె ఇంకాస్త ఎక్కువ చిందులేసేది.

తర్వాత బావకు కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్ బెంగళూరులో చేయిద్దామని నేనే రప్పించాను. ఆ మంచి మాత్రం నిజంగానే చేశాను. కట్టు విప్పి, చూపు బాగుందని డాక్టరు చెప్పిన రోజు బావ సంతోషంగా, "ఆ నల్లది కాచే చోటు చూపిచ్చు, తొట్టిలోంచి తాగుతా," అన్నాడు. ఆ బొమ్మ నాకు గుర్తు రాలేదంటే నమ్మరు. రోజూ చూసేది కళ్ళకు ఆనదు. గుమ్మం దాటి లోపలికి తీసుకెళ్ళాక, ఎదుటి గోడ మీద అది కనపడ్డాక గుర్తొచ్చింది.

బావ ఆగిపోయాడు. కొత్త కన్ను కదా, ఎంతో దూరంనుంచే పోల్చుకున్నాడు. గ్లాసులు అందించేవాడు ఒకడు ఆయన తలపాగా చూసి, బొమ్మ వైపు చూసి, కన్నడంలో ఏదో అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఇంకొకడు గొర్రెలాగా అరిచాడు. నేనూ నవ్వాను. దానికి సాకు వెతకను. నవ్వకుండా ఉండటానికి నాకు వ్యవధి ఉంది.

"ఇది నేనేనా?" అన్నాడు బావ.

"సరదాకు బావా. ఊరకనే."

"గొర్రెకు కళ్ళు అట్ల ఉండవే."

అంతే అన్నాడు. గ్లాసు పోసి ఇస్తే ముట్టలేదు, కంటికి మందు వేసుకుంటున్నానన్నాడు. మర్నాడే రైలెక్కాడు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. చేస్తే ఏం మాట్లాడాలో తెలియక ఒక నెల గడిచింది, తర్వాత ఏడాది, ఆపైన ఏళ్ళు. ఆయన పోయాడని కబురొస్తే వెళ్ళి, మట్టి వేసేటప్పుడు దూరంగా నిలబడి, స్నానాలకు ఆగకుండా తిరిగొచ్చేశాను. అక్క నా వైపు చూసి, "పెద్దోడివయినావు," అంది. ఎందుకు వెళ్ళిపోతున్నానో ఆమెకు తెలియదు. బావ చెప్పి ఉండడు. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు.

ఏడాది దినానికి నాలుగు రోజుల ముందు స్టౌట్ కోసం మళ్ళీ బెంగళూరు వెళ్ళాను. రైలు గిద్దలూరు దాటి నల్లమలలో దూరినంతసేపూ, ఆ గోడ ముందు నిలబడి బొమ్మ చెరిపేయమని ఎలా అడగాలో మనసులో అనుకుంటూ కూర్చున్నాను. వెళ్ళి చూస్తే గోడకు బూడిద రంగు వేసి ఉంది. యజమాని మారాడు, పనివాళ్ళందరూ కొత్తవాళ్ళే. నల్ల బీరు ఉంది కానీ దానికి ఇంకేదో పేరు. గొర్రె బొమ్మ ఒకటుండేది కదా అని అడిగితే, కౌంటర్లో ఉన్నతను మర్యాదగా తెలియదన్నాడు. చెరిపేయమని అడగడానికి కూడా ఏమీ మిగల్లేదు. రెండు సీసాలు కొనుక్కుని వచ్చేశాను. గ్లాసు కింద వేసే పాత అట్ట ఒకటి, ఆ బొమ్మ ఉన్నదే, నా పెట్టెలో ఉంది. అక్కకు చూపించాలని దాన్ని జేబులో పెట్టుకున్నాను. అది చూస్తే నేను మాటలు తగ్గించి చెప్పడానికి వీలుండదు.

ఆ రోజు బస్సు దిగి ఆటోలో ఊరు చేరేసరికి ఎండ ముదిరింది. సమాధి దగ్గర ఆకు వేసి ఉంది. పొట్టేలు మాంసం, సంగటి, చుట్టలు, సారాయి. అక్క నన్ను చూసింది, రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను సీసా మూత తీసి మట్టి గ్లాసు నిండా పోసి ఆకు పక్కన పెట్టాను. పిట్ట రాలేదు. అరగంట నిలబడ్డాం.

బావకు చిన్నాయన వరసయ్యే ముసలాయన ఒకరు గొడుగు కింద కూర్చున్నాడు. "వాడు బతికున్నప్పుడు మాత్రం అన్నానికి ఎప్పుడు టయానికి వచ్చినాడు?" అన్నాడు. "మంద తోలుకొని రావద్దా? నిలబడండి."

"ఊరుకో చిన్నాయనా," అంది అక్క. నవ్వాపుకుంటోంది.

ముసలాయన గ్లాసులోకి తొంగిచూశాడు. "ఇదేనా అబ్బయ్యా ఆ నల్లది? మావాడి బొమ్మ గీసింది దీనికేనా?"

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "బెంగళూరులో పెద్ద గోడ మీద మావాడి బొమ్మ గీసినారంట గదా. తలపాగాతో సహా. కన్ను ఆపరేషన్ చేయించుకొని వచ్చి చెప్పినాడు. నా బామ్మర్ది గీయించినాడు, మనిషంత ఉంది అని. మేము నమ్మలే. ఈ మీ అక్కనే, నా తమ్ముడు ఊరకనే చెప్తాడా అని ఊరంతా చెప్పుకొని తిరిగింది."

అక్క నా వైపు చూడకుండా ఆకు సర్దింది. "ఇంకా ఉందా ఆ బొమ్మ?" అని అడిగింది.

"లేదక్కా. గోడకు రంగేసినారు."

"ఒక ఫోటో అన్నా తీసి పెట్టకపోతివి."

జేబులో అట్ట ఉంది. దాన్ని ఇవ్వకుండా వెళ్ళిపోతే ఆమె దగ్గర ఆ గర్వం అలాగే ఉంటుంది. ఇచ్చి నోరు మూసుకున్నా ఉంటుందేమో. అది దయ అని నాకు నేను చెప్పుకోగలను. ఫోన్‌లో ఆ రోజు నవ్వాపుకుంటూ నురుగు సంగతి చెప్పకపోవడాన్ని కూడా దయ అనే చెప్పుకున్నాను. అంతలో కాకి దిగింది. మాంసం ముక్క ఎత్తుకుపోయింది. బీరు వైపు చూడలేదు. అందరూ ఇంటివైపు కదిలారు. అక్కను వెనక ఆపాను. అట్ట ఆమె చేతికిచ్చాను.

ఆమె దాన్ని ఎండకు తిప్పి చాలాసేపు చూసింది. "ఆయనే," అంది. "మందు పోసేటప్పుడు దవడ కింద ఇట్లనే చెయ్యి పెట్టేటోడు. ఇది ఎట్ల తెలిసింది గీసినోళ్ళకి?"

"నేను చెప్పినా. అక్కా, అది నవ్వడానికి గీసింది. ఆ గొర్రె చచ్చిపోయిందని నేను ఎవరికీ చెప్పలే. తాగి చిందులేసిందని చెప్పినా. అందరూ నవ్వినారు. నేనే చెప్పి నవ్వించినా, ఏళ్ళ తరబడి. ఆయన వచ్చి చూసినప్పుడు గూడా నవ్వినారు. నేనూ నవ్వినా." మిగతాదీ చెప్పాను. నురుగు సంగతి, ఆయన మాటలు నావని చెప్పుకున్న సంగతి.

అక్క అట్టనుంచి కళ్ళు తీయలేదు. "ఆయనకు తెలిసిందా? నవ్వుతాండారని?"

"తెలిసింది."

"తెలిసి నాకు అట్ల చెప్పినాడు."

మట్టి గ్లాసులో మిగిలిన స్టౌట్ మీద నురుగు పూర్తిగా చచ్చిపోయి నల్లటి నీళ్ళలా ఉంది. అక్క వంగి దాన్ని తీసుకుని ఒక గుక్క తాగింది. ఈసారి మొహం చిట్లించలేదు. నోట్లోనే ఉంచుకుని ఎటో చూస్తూ నిలబడింది.

"నీళ్ళు మంచియ్యి," అంది.

మిగతాది సమాధి మీద ఒంపి ఇంటికి నడిచింది.

బంతి అప్పటికే లేచింది. అక్క వసారాలో నాకొక్కడికే విస్తరి వేసి అన్నం, కూర వడ్డించింది. "తిను," అంది. ఇంతకుముందు నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, ఇంకా పెట్టుకో, చిక్కిపోయినావు అనేది. ఇప్పుడు వడ్డించి లోపలికి పోయింది. తిన్నాను. పొట్టేలు కూరలో కారం ఎప్పటిలాగే ఎక్కువ. అది చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు.

చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె బావ ఫోటో కింద నిలబడి ఉంది. ఆ అట్టను ఫోటో చట్రానికీ అద్దానికీ మధ్య సందులో దూరుస్తోంది. ఒకసారి పెట్టి, చూసి, తీసి, ఇంకా లోపలికి నెట్టింది. మెల్లకన్ను గొర్రె మొహం చెక్క వెనక్కి పోయింది. తలపాగా మనిషి, దవడ కింద పెట్టిన ఆయన చెయ్యి మాత్రం బయటికి ఉన్నాయి.

"ఊళ్ళో ఏమీ చెప్పను," అంది నా వైపు తిరక్కుండా. "నీ కోసం గాదు."

సంచి తీసుకుని వాకిట్లోకి వచ్చాను. సమాధి దగ్గర తెరిచిన సీసా నా చేతిలో ఉంది. అడుగున ఒక గుక్కెడు ఉన్నట్టుంది. అక్క గడప దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"అది ఇటివ్వు. గొర్రెలకు మందు పోయను పనికొస్తది."

ఇచ్చాను. మళ్ళా రమ్మంటుందేమోనని చెప్పులు వేసుకోవడానికి కావాలని ఆలస్యం చేశాను. ఆమె సీసాను తలకిందులు చేసి ఆ గుక్కెడూ నేల మీద ఒంపి, కడగడానికి తొట్టి దగ్గరికి నడిచింది. ఆటో దొరికే చోటు దాకా ఎండలో నడుచుకుంటూ వచ్చాను.